ఆల్బర్టా బిట్యుమెన్ నుంచి పెట్రోకెమికల్స్: ఏ దారి ఎవరికి?

పాలీఇథిలీన్ బరువులో హైడ్రోజన్ వాటా 14 శాతం పైచిలుకు. పాలీప్రొపిలీన్‌లోనూ అంతే. కెనడాలోని ఆల్బర్టా ప్రావిన్స్‌లో ఇసుక నుంచి కడిగి తీసే తారులాంటి చిక్కటి చమురు, బిట్యుమెన్‌లో హైడ్రోజన్ 10 శాతానికి కాస్త ఎక్కువ. అదే నేలలో సహజ వాయువుతో కలిసి పైకి వచ్చే ఈథేన్‌లో 20 శాతం, ప్రొపేన్‌లో 18 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సగం చర్చ అక్కడే తేలిపోతుంది. ఈథేన్ నుంచి ప్లాస్టిక్ తయారుచేసేవారికి హైడ్రోజన్ మిగులుతుంది. బిట్యుమెన్ నుంచి చేయాలనుకునేవారు హైడ్రోజన్ కొని కలపాలి, లేదంటే కార్బన్‌ను బయటికి తోసేయాలి. రెండూ ఖర్చే.

మిగతా సగం కోసం ఈ వ్యాసం. ఆయిల్ సాండ్స్ (ఈ బిట్యుమెన్ నిండిన ఇసుక) శుద్ధిని పెట్రోకెమికల్ ఉత్పత్తితో కలపడం అని ఒక్క మాటలో చెప్పుకుంటాం గానీ, దాని కింద నాలుగైదు వేర్వేరు వ్యాపారాలున్నాయి. కొన్ని నిలబడ్డాయి, కొన్ని వందల కోట్ల డాలర్లు మింగి మూతబడ్డాయి. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఈ పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకూ, ఇక్కడ భారతదేశంలో భారమైన ముడిచమురును నమ్ముకుని రిఫైనరీలు నడుపుతున్నవారికీ, కెమికల్ ఇంజనీరింగ్‌లో ఈ అంశం మీద ప్రాజెక్టు తలపెట్టిన విద్యార్థులకూ ఉపయోగపడుతుందని ఈ పోలిక రాస్తున్నాను. అన్ని దారులూ సమానమే అన్నట్టు రాయడం నాకు చేతకాదు. వాటిలో ఒకటి స్పష్టంగా మేలు, ఒకటి స్పష్టంగా ప్రమాదం.

ముందుగా సరుకు సంగతి

అథబాస్కా, కోల్డ్ లేక్, పీస్ రివర్ అనే మూడు ప్రాంతాల్లో ఈ నిల్వలున్నాయి. బిట్యుమెన్ నీటికంటే కాస్త బరువు. గంధకం 5 శాతానికి దగ్గరగా ఉంటుంది. వాక్యూమ్‌లో స్వేదనం చేసినా దాదాపు సగం ఆవిరి కాకుండా అడుగున మడ్డిగా మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు పైపులో కదలదు కాబట్టి దాన్ని అమ్మే పద్ధతులు ప్రధానంగా రెండు. దాదాపు 30 శాతం కండెన్సేట్ అనే తేలిక ద్రవం కలిపి పలుచన చేసి పంపడం ఒకటి. ‘అప్‌గ్రేడర్’ అనే ప్లాంటులో పెద్ద అణువులను తెంచి కృత్రిమ ముడిచమురుగా మార్చి పంపడం రెండోది.

అప్‌గ్రేడర్లు మళ్లీ రెండు జాతులు. 1967లో మొదలైన గ్రేట్ కెనడియన్ ఆయిల్ సాండ్స్, అంటే నేటి సన్‌కోర్, 1978లో వచ్చిన సిన్‌క్రూడ్ ప్రధానంగా కోకింగ్‌ను నమ్ముకున్నాయి. మడ్డిని బాగా వేడి చేస్తే అణువులు తెగి, కార్బన్‌లో కొంత కోకుగా విడిపోతుంది. ఎడ్మంటన్ సమీపంలో 2003లో నడక మొదలుపెట్టిన షెల్ స్కాట్‌ఫర్డ్ అప్‌గ్రేడర్ రెండో జాతి. అక్కడ ఎల్‌సీ-ఫైనింగ్ పద్ధతిలో ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌ను జోడిస్తారు. కోకు గుట్టలు పేరుకోవు, ద్రవం ఎక్కువ వస్తుంది, కాని హైడ్రోజన్ బిల్లు పెద్దది.

పెట్రోకెమికల్స్ గురించి ఎవరైనా మాట్లాడబోతే ముందు మీరు అడగవలసిన ప్రశ్న: మీది కోకింగ్ చేసే కోకరా, హైడ్రోజన్ జోడించే హైడ్రోక్రాకరా? దాన్ని బట్టి బయటికి వచ్చే వాయువు గుణమే మారిపోతుంది.

మొదటి దారి: పొయ్యిలోకి పోతున్న వాయువు

కోకింగ్ అంటే వేడితో తెంచడమే కాబట్టి, అక్కడ వెలువడే ఆఫ్‌గ్యాస్‌లో మీథేన్, హైడ్రోజన్‌లతో పాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ఇథిలీన్, ప్రొపిలీన్, బ్యూటిలీన్ కూడా తయారై వస్తాయి. స్టీమ్ క్రాకర్‌లో, అంటే ఆవిరి కలిపి అణువులను తెంచే కొలిమిలో, 800 డిగ్రీలు దాటించి, కోట్లు పోసి తయారుచేసే ఈ ఆలిఫిన్లు ఇక్కడ ఉప ఉత్పత్తిగా దొరుకుతున్నాయి. వాటిని చాలాకాలం ప్లాంటు కొలిమిలోనే ఇంధనంగా కాల్చారు. టేకు దుంగలను పొయ్యిలో పెట్టినట్టే ఇది.

లెక్క వేసి చూడండి. ఒక టన్ను ప్రొపిలీన్‌ను కాలిస్తే వచ్చే వేడి దాదాపు 49 గిగాజౌళ్లు. దాన్ని కాల్చకుండా బయటికి తీసుకున్నప్పుడు కొలిమికి అంతే వేడినిచ్చే సహజ వాయువును కొనాలి. ఆల్బర్టాలో గ్యాస్ ధర గిగాజౌల్‌కు 2 కెనడా డాలర్లు ఉంటే ఆ ఖర్చు 100 డాలర్ల లోపే. మామూలు రోజుల్లో టన్ను ప్రొపిలీన్ దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. గ్యాస్ 8 డాలర్లకు పెరిగితే ప్రత్యామ్నాయ ఇంధనానికే దాదాపు 390 డాలర్లవుతుంది, లాభం పలచబడుతుంది. అంటే ఈ వ్యాపారం నిజానికి గ్యాస్ ధరకూ ప్రొపిలీన్ ధరకూ మధ్యనున్న ఎడం మీద పందెం. ఆల్బర్టాలో ఆ ఎడం ఏళ్ల తరబడి అనుకూలంగా ఉంది.

పర్యావరణం లెక్క కూడా కలిసొస్తుంది. గిగాజౌల్ వేడికి ప్రొపేన్ సుమారు 60 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తే, మీథేన్ సుమారు 50 కిలోలే. బరువైన వాయువులను తీసి మీథేన్ పెడితే అదే కొలిమి తక్కువ పొగ వదులుతుంది. లాభమూ ఉద్గారాల తగ్గింపూ ఒకే చర్యలో దొరకడం ఈ పరిశ్రమలో అరుదు.

దీన్ని చేసి చూపించింది విలియమ్స్ కంపెనీ. 2002 ప్రాంతంలో ఫోర్ట్ మెక్‌మరీ దగ్గర సన్‌కోర్ ఆఫ్‌గ్యాస్ నుంచి ద్రవాలను తీయడం మొదలుపెట్టింది. తీసిన మిశ్రమాన్ని దక్షిణాన ఎడ్మంటన్ సమీపంలోని రెడ్‌వాటర్‌కు పంపి అక్కడ విడదీసింది. 2012లో సుమారు 420 కిలోమీటర్ల బోరియల్ పైప్‌లైన్ వేసింది. ఈథేన్-ఇథిలీన్ మిశ్రమం నోవా కెమికల్స్‌కు ముడిసరుకైంది. తర్వాత కెనేడియన్ నేచురల్ వారి హొరైజన్ అప్‌గ్రేడర్ దగ్గరా ఇలాంటి ప్లాంటే వెలిసింది. 2016లో ఇంటర్ పైప్‌లైన్ సంస్థ విలియమ్స్ కెనడా వ్యాపారాన్ని కొనేసింది.

స్కాట్‌ఫర్డ్‌లో కథ వేరు. అక్కడ హైడ్రోజన్ జోడింపు కాబట్టి ఆఫ్‌గ్యాస్‌లో ఆలిఫిన్లు దాదాపు ఉండవు. ఈథేన్, హైడ్రోజన్ మాత్రం విలువైనవే. ఆక్స్ సేబుల్ సంస్థ 2011లో అక్కడ ఒక ఆఫ్‌గ్యాస్ ప్లాంటు నడపడం మొదలుపెట్టింది. వాయువులో దొరికే హైడ్రోజన్‌ను తిరిగి అప్‌గ్రేడర్‌కే ఇస్తే మీథేన్ నుంచి కొత్త హైడ్రోజన్ తయారుచేసే భారం తగ్గుతుంది. మీథేన్‌తో టన్ను హైడ్రోజన్ తయారుచేస్తే 9 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆఫ్‌గ్యాస్ శుభ్రమైన సరుకు కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టన్లు, అమ్మోనియా, ఆర్సీన్, అసిటిలీన్లు, డైయీన్లు, కొద్దిపాటి నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. చివరి రెండూ కలిసి, వాయువులను చల్లబరిచి విడదీసే, మైనస్ 100 డిగ్రీల కంటే చల్లగా ఉండే కోల్డ్ బాక్స్‌లో జిగురులా పేరుకుంటాయి. ప్లాంటును వేడెక్కించేటప్పుడు ఆ జిగురు పేలవచ్చు. ఇథిలీన్ ప్లాంట్లు నడిపినవారందరికీ ఈ భయం తెలుసు. కాబట్టి ఆఫ్‌గ్యాస్ ప్లాంటు బడ్జెట్‌లో శుద్ధి విభాగాన్ని ఎవరైనా చిన్న అంకెతో సరిపెడితే ఆ నివేదికను అక్కడే మూసేయండి.

రెండో పరిమితి పరిమాణం. కొత్త బిట్యుమెన్ ఉత్పత్తి చాలావరకు భూమిలోకి ఆవిరి పంపి తీసే పద్ధతిలో పెరిగింది. ఆ బిట్యుమెన్‌ను పలుచన చేసి అమ్ముతున్నారు, అప్‌గ్రేడ్ చేయడం లేదు. 2013లో సన్‌కోర్ తన వోయజర్ అప్‌గ్రేడర్‌ను రద్దు చేసుకున్నాక కొత్తదాన్ని కట్టే ఉత్సాహం చల్లారింది. అప్‌గ్రేడర్ లేకపోతే ఆఫ్‌గ్యాస్ లేదు. ఉన్నవాటిని పిండుకోవడమే తప్ప ఈ వనరు పెరిగేది కాదు.

రెండో దారి: ప్రొపేన్‌ను ఆసరా చేసుకోవడం

ఆఫ్‌గ్యాస్ ఒక్కటే ప్రపంచస్థాయి ప్లాంటును పోషించలేదు. దానికి సహజ వాయువు నుంచి వచ్చే ప్రొపేన్‌ను జతచేసి, ప్రొపేన్ నుంచి హైడ్రోజన్‌ను తొలగించి ప్రొపిలీన్ చేసి, అక్కడికక్కడే పాలీప్రొపిలీన్‌గా మార్చడం తార్కికమైన తదుపరి అడుగు.

ఈ ఆలోచనకు ఊపునిచ్చింది ఒక వింత సంవత్సరం. ఆల్బర్టా ప్రొపేన్‌ను అమెరికాకు మోసే కొచిన్ పైప్‌లైన్‌ను 2014లో దిశ మార్చి, కండెన్సేట్‌ను లోపలికి తెచ్చే మార్గంగా వాడుకున్నారు. ఆయిల్ సాండ్స్‌కు పలుచన ద్రవం కావాలి మరి. దాంతో ప్రొపేన్‌కు దారి మూసుకుపోయి, 2015 వేసవిలో ఎడ్మంటన్‌లో దాని ధర సున్నా కంటే కిందికి పోయింది. అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చి తీసుకెళ్లమన్నారు. బిట్యుమెన్ వ్యాపారం తన అవసరం కోసం చేసిన పని, పక్కనున్న పెట్రోకెమికల్ వ్యాపారానికి చౌక సరుకును తెచ్చిపెట్టింది. ఏకీకరణ అంటే ఒకే గోడ లోపల రెండు ప్లాంట్లు కట్టడమే అనుకునేవారు ఈ ఉదంతం గమనించాలి.

ఆ వెలుగులో రెండు ప్రాజెక్టులు పోటీపడ్డాయి. ఇంటర్ పైప్‌లైన్ వారి హార్ట్‌ల్యాండ్ పెట్రోకెమికల్ కాంప్లెక్స్ రోజుకు 22 వేల బ్యారెళ్ల ప్రొపేన్ తీసుకుని ఏటా 5,25,000 టన్నుల పాలీప్రొపిలీన్ చేసేలా రూపొందింది. పెంబినా, కువైట్ సంస్థలు కలిసి తలపెట్టిన రెండోది 5,50,000 టన్నులది. మొదటిది 350 కోట్ల కెనడా డాలర్ల అంచనాతో మొదలై 430 కోట్లకు చేరింది. 2022లో ఉత్పత్తి ప్రారంభించింది. రెండోది 2020లో ఆగిపోయింది. దాదాపు ఒకే సరుకు, ఒకే ఉత్పత్తి, ఒకే ఊరి పొలిమేర. ఒకటి కరోనా రావడానికి ముందే నిర్మాణంలో లోతుగా దిగింది, మరొకటి దిగలేదు. ప్రాజెక్టు ఎంపికలో సాంకేతికత కంటే కాలం ఎంత నిర్దయగా తీర్పు చెబుతుందో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు ఇదే దారిలో వెళ్లాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2019లో ప్రిన్స్ రూపర్ట్ తీరంలో రిడ్లీ ఐలాండ్ ప్రొపేన్ ఎగుమతి టెర్మినల్ మొదలైంది, 2021లో అదే తీరంలో మరొకటి వచ్చింది. ఆల్బర్టా ప్రొపేన్‌కు ఇప్పుడు ఆసియా కొనుగోలుదారు ఉన్నాడు. సున్నా కంటే తక్కువ ధర అనేది చరిత్ర. కొత్త ప్లాంటు లెక్కలో ప్రొపేన్‌ను ఎగుమతి ధర దగ్గరే పెట్టుకోవాలి. అలా పెట్టినా నిలబడితేనే ముందుకు వెళ్లాలి.

ఈ దారిలో మరో మేలుంది, దాన్ని తక్కువమంది లెక్కలోకి తీసుకుంటారు. ప్రొపేన్ నుంచి ప్రొపిలీన్ చేస్తే హైడ్రోజన్ విడుదలవుతుంది. 5,25,000 టన్నుల ప్రొపిలీన్‌కు సిద్ధాంతం ప్రకారం సుమారు 25 వేల టన్నుల హైడ్రోజన్. పొరుగున అప్‌గ్రేడర్ ఉంటే అది మంచి ధరకు పోయే సరుకు, లేకపోతే కొలిమిలో ఇంధనం.

మూడో దారి: గ్యాస్ ఆయిల్‌ను క్రాకర్‌కు పంపడం

‘బిట్యుమెన్ నుంచి ప్లాస్టిక్’ అనగానే చాలామంది ఊహించేది ఇదే. అప్‌గ్రేడర్‌లో వచ్చే నాఫ్తా (పెట్రోల్ లాంటి తేలిక ద్రవం), గ్యాస్ ఆయిల్ (డీజిల్, అంతకంటే బరువైన నూనెలు)లను స్టీమ్ క్రాకర్‌లో పెట్టి ఇథిలీన్, ప్రొపిలీన్ తీయడం. వినడానికి ఇదే అసలైన ఏకీకరణలా ఉంటుంది. ఆల్బర్టాలో ఇది నాకు అన్నిటికంటే తక్కువ నచ్చే దారి.

కారణం అణువుల ఆకారంలో ఉంది. క్రాకర్‌కు నచ్చేవి నిటారు గొలుసులు. బిట్యుమెన్ నుంచి వచ్చే గ్యాస్ ఆయిల్ నిండా ఉంగరాలే, ఒకదానికొకటి అతుక్కున్న ఆరోమాటిక్, నాఫ్థీన్ ఉంగరాలు. వాటిని వేడి చేస్తే ఇథిలీన్ కాకుండా తారు, కోకు ఎక్కువగా తయారై కొలిమి గొట్టాలను పూడ్చేస్తాయి. ఈథేన్ మొత్తం మళ్లీ మళ్లీ తిప్పితే 80 శాతం దాకా ఇథిలీన్ ఇస్తుంది. నాఫ్తా సుమారు 30 శాతం. మంచి వాక్యూమ్ గ్యాస్ ఆయిల్ కూడా 20 శాతం అటూఇటూ. బిట్యుమెన్ గ్యాస్ ఆయిల్‌ను ముందు హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేస్తేగాని ఆ స్థాయికి రాదు. ఈ ఉంగరాలను తెంచి క్రాకర్‌కు పనికొచ్చే చిన్న గొలుసులుగా మార్చే ప్రక్రియపై నోవా కెమికల్స్ పరిశోధన చేసింది. రసాయనశాస్త్రం పనిచేస్తుంది. కాని ఆ ప్రక్రియతో ఆల్బర్టాలో వాణిజ్య ప్లాంటు వెలవలేదు.

వెలవకపోవడానికి పొరుగే కారణం. జోఫ్రేలో నోవా వారి మూడు యూనిట్లు, ఫోర్ట్ సస్కాచెవాన్‌లో డౌ వారిది ఒకటి, ఈ నాలుగు క్రాకర్లూ ఈథేన్ తాగుతాయి. డౌ 2023 చివర్లో ఆమోదించిన భారీ విస్తరణకూ ఈథేనే ఆధారం. ఆ విస్తరణను 2025లో వాయిదా వేశారు, అది వేరే విషయం. ఈథేన్ యూనిట్లకు బ్యూటడయీన్, బెంజీన్, పైరోలిసిస్ నూనె వంటివాటిని పెద్దఎత్తున వేరుచేసే వ్యవస్థలు అక్కర్లేదు. ద్రవ సరుకు పెట్టాలంటే ప్లాంటు వెనుక భాగం మొత్తం కొత్తగా కట్టాలి.

నాఫ్తా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆల్బర్టాలో నాఫ్తాకు క్రాకర్ కంటే మంచి కొనుగోలుదారు ఉన్నాడు, అది బిట్యుమెన్‌ను పలుచన చేసుకునే పక్క గని. కండెన్సేట్‌ను అమెరికా నుంచి పైప్‌లైన్ వేసి మరీ తెచ్చుకుంటున్న చోట, తేలిక ద్రవాన్ని క్రాకర్‌లో పోయడం తెలివైన పని కాదు.

అయితే ఉంగరాలను శత్రువులుగా చూడక్కర్లేదు. బెంజీన్‌లో హైడ్రోజన్ 7.7 శాతమే, బిట్యుమెన్ కంటే కూడా తక్కువ. మొదట్లో చెప్పిన లెక్క ఇక్కడ తిరగబడుతుంది. బిట్యుమెన్ స్వభావానికి దగ్గరగా ఉన్న పెట్రోకెమికల్ ఇథిలీన్ కాదు, ఆరోమాటిక్స్. 1984లో షెల్ స్కాట్‌ఫర్డ్‌లో ప్రారంభించిన రిఫైనరీ పూర్తిగా ఆయిల్ సాండ్స్ కృత్రిమ ముడిచమురు కోసమే రూపొందింది. దాని నాఫ్తాలోని నాఫ్థీన్ ఉంగరాలు రిఫార్మర్ అనే ఉత్ప్రేరక యూనిట్‌లో సులువుగా బెంజీన్ అవుతాయి. ఆ బెంజీన్ పక్కనే కట్టిన స్టైరీన్ ప్లాంటుకు వెళ్లింది. ఎవరూ దీని గురించి గొప్పగా ప్రసంగించలేదు, దశాబ్దాల పాటు పనిచేసింది. మూడో దారిలోనే వెళ్లి తీరాలనుకునేవారికి నా సలహా ఇదే: ఇథిలీన్‌ను వదలండి, బెంజీన్‌కు కొనుగోలుదారును వెతకండి. కొనుగోలుదారు దొరకడమే అక్కడ కష్టం, రసాయనశాస్త్రం కాదు.

ప్రొపిలీనే కావాలంటే స్టీమ్ క్రాకర్ కంటే ఉత్ప్రేరక పద్ధతి మేలు. చైనాలో అభివృద్ధి చేసిన డీప్ కెటలిటిక్ క్రాకింగ్, మన ఇండియన్ ఆయిల్ పారాదీప్‌లో వాడుతున్న ఇండ్‌మ్యాక్స్ ఆ కోవలోవి. ఇవి కూడా హైడ్రోజన్ ఎక్కువున్న సరుకుకే బాగా ఫలితమిస్తాయి.

నాలుగో దారి: మడ్డిని వాయువుగా మార్చడం

కోకునో, మడ్డిలోని అతి బరువైన భాగమైన ఆస్ఫాల్టీన్లనో ఆక్సిజన్, ఆవిరితో చర్య జరిపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన సింథసిస్ గ్యాస్ వస్తుంది. దాని నుంచి హైడ్రోజన్, మెథనాల్, అమ్మోనియా ఏదైనా చేసుకోవచ్చు. సన్‌కోర్, సిన్‌క్రూడ్‌ల దగ్గర కోకు కోట్ల టన్నుల్లో పేరుకుపోయి ఉంది. చూసిన ప్రతివారికీ ఇది ఉచిత ముడిసరుకులా కనిపిస్తుంది.

లాంగ్ లేక్ ప్రాజెక్టు ఆ ఊహ మీదే పుట్టింది. నెక్సెన్ సంస్థ ఆస్ఫాల్టీన్లను వాయువుగా మార్చి, ఆవిరికి ఇంధనం, అప్‌గ్రేడింగ్‌కు హైడ్రోజన్ రెండూ సొంతంగా చేసుకోవాలనుకుంది. సహజ వాయువు ధర గిగాజౌల్‌కు 8 డాలర్ల దగ్గర తిరుగుతున్న రోజుల్లో అది మంచి ఆలోచనే. ప్లాంటు నడక మొదలయ్యేసరికి షేల్ గ్యాస్ వచ్చి 2012 నాటికి ధర 3 డాలర్ల లోపుకు పడిపోయింది. ఏ ఖర్చును తప్పించుకోవాలని అంత పెట్టుబడి పెట్టారో, ఆ ఖర్చే మాయమైంది. 2013లో చైనా సంస్థ సీనూక్ సుమారు 1,510 కోట్ల అమెరికా డాలర్లకు నెక్సెన్‌ను కొన్నది. 2016 జనవరిలో హైడ్రోక్రాకర్ విభాగంలో పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు మరణించారు. ఆ తర్వాత అప్‌గ్రేడర్ మూతబడింది.

ఎడ్మంటన్ సమీపంలోని స్టర్జన్ రిఫైనరీ అదే సాంకేతికతను వేరే పద్ధతిలో వాడింది. మడ్డిని వాయువుగా మార్చి వచ్చిన హైడ్రోజన్‌తో బిట్యుమెన్‌ను నేరుగా డీజిల్‌గా మారుస్తుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు శుద్ధంగా ఉండటంతో, దాన్ని 240 కిలోమీటర్ల ఆల్బర్టా కార్బన్ ట్రంక్ లైన్ ద్వారా పాత చమురు బావుల్లోకి పంపుతున్నారు. ఇంజనీరింగ్‌పరంగా చక్కని పని. ఖర్చు మాత్రం 1,000 కోట్ల డాలర్ల స్థాయికి చేరింది, ముడిసరుకు భారంలో మూడొంతులు, అంటే 75 శాతం, ప్రావిన్స్ ప్రభుత్వ సంస్థ నెత్తిన పడింది.

ఇక్కడే జామ్‌నగర్‌తో పోలిక చూడాలి. రిలయన్స్ అక్కడ పెట్‌కోకును వాయువుగా మారుస్తోంది, రిఫైనరీ ఆఫ్‌గ్యాస్‌తో ఏటా 15 లక్షల టన్నుల ఇథిలీన్ క్రాకర్‌నూ నడుపుతోంది. సాంకేతికంగా ఆల్బర్టాలో చర్చించే రెండు దారులూ ఒకే ఆవరణలో ఉన్నాయి. తేడా ఏమిటంటే జామ్‌నగర్‌లో గ్యాసిఫికేషన్ తప్పిస్తున్నది ఓడల్లో దిగుమతయ్యే ఖరీదైన ద్రవ సహజ వాయువును. ఆల్బర్టాలో అది తప్పించేది ప్రపంచంలోనే చౌకైన గ్యాసుల్లో ఒకదాన్ని. అదే యంత్రం ఒకచోట అర్థవంతం, మరోచోట అనవసరం. గ్యాస్ ధర 3 డాలర్ల లోపు ఉన్నంతకాలం ఆల్బర్టాలో కోకు నుంచి మెథనాల్ చేయాలనేవారిని నేను నమ్మను. నిజం చెప్పాలంటే, ఆ కోకును కాల్చకుండా గుట్టగా వదిలేయడమే ఇప్పటివరకు అక్కడ జరిగిన అతి చౌకైన కార్బన్ నిల్వ.

ఆస్ఫాల్టీన్ల నుంచి కార్బన్ ఫైబర్ చేసే పరిశోధనకు ఆల్బర్టా ఇన్నోవేట్స్ సంస్థ పోటీ పెట్టి నిధులిచ్చింది. ఆసక్తికరమే, ఈరోజు పెట్టుబడి నిర్ణయానికి పనికిరాదు.

ఐదో దారి: కలపకుండా అమ్మేయడం

పలుచన చేసిన బిట్యుమెన్‌ను సముద్రానికి పంపి, ఏకీకరణ తలనొప్పిని దూరదేశపు రిఫైనరీకి వదిలేయడం. 2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ పూర్తయి, పసిఫిక్ తీరానికి రోజుకు 8,90,000 బ్యారెళ్ల సామర్థ్యం వచ్చింది. అదే ఏడాది రిలయన్స్ కూడా ఈ భారమైన ముడిచమురును కొన్నది. బిట్యుమెన్ ఉత్పత్తిదారుకు ఇది ఎదురులేని ఎంపిక. పెట్టుబడి ఏమీ అక్కర్లేదు మరి.

కొనేవైపు ఉన్నవారు మాత్రం రెండు విషయాలు చూసుకోవాలి. ఈ సరుకుకు రెండు చివరలే బరువు: తేలిక కండెన్సేట్ ఒకవైపు, మడ్డి మరోవైపు, మధ్యలో డీజిల్ భాగం పలుచన. కండెన్సేట్ భాగం నాఫ్తాగా క్రాకర్‌కు పనికొస్తుంది, మడ్డిని తెంచే యూనిట్ లేకపోతే మిగతాది గుదిబండ. రెండోది ఆమ్లత్వం. నాఫ్థెనిక్ ఆమ్లాలు వేడి గొట్టాలను తినేస్తాయి, లోహం ముందే తగినది వేసుకోవాలి. విశాఖలో హెచ్‌పీసీఎల్ ఏటా 35.5 లక్షల టన్నుల సామర్థ్యంతో చేపట్టిన మడ్డి మెరుగుదల యూనిట్ ఎల్‌సీ-మ్యాక్స్ పద్ధతిది. స్కాట్‌ఫర్డ్‌లోని ఎల్‌సీ-ఫైనింగ్‌కు అది దగ్గరి బంధువు. ఆ యూనిట్ మీద పనిచేసేవారికి స్కాట్‌ఫర్డ్ రెండు దశాబ్దాల అనుభవం ఉచిత పాఠ్యపుస్తకం.

ఎంచుకునే ముందు

మీ చేతిలో కోకింగ్ అప్‌గ్రేడర్ ఉండి ఆఫ్‌గ్యాస్ ఇంకా కొలిమికే పోతుంటే, మిగతా దారుల గురించి చదవడం ఆపి మొదటిదాన్ని పూర్తిచేయండి. మీది హైడ్రోజన్ జోడించే అప్‌గ్రేడర్ అయితే ముందు హైడ్రోజన్‌ను, తర్వాత ఈథేన్‌ను వెనక్కి తీసుకోండి. ఆవిరితో బిట్యుమెన్ తీసే గని మాత్రమే ఉంటే మీకు ఐదో దారి తప్ప మరొకటి లేదు, బలవంతంగా అప్‌గ్రేడర్ కట్టి మరీ పెట్రోకెమికల్స్‌లోకి రాకండి.

స్థలం విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. వాయువును ఉత్తరాన తీయాలి, రసాయనాలను దక్షిణాన చేయాలి. ఫోర్ట్ మెక్‌మరీలో కార్మికుల ఖర్చు ఎక్కువ, 2016 మేలో కార్చిచ్చు ఊరంతటినీ ఖాళీ చేయించింది. ఎడ్మంటన్ పక్కనున్న ఇండస్ట్రియల్ హార్ట్‌ల్యాండ్‌లో రైలు, పైప్‌లైన్లు, ఈథేన్, ప్రొపేన్‌లను దాచుకునే భూగర్భ ఉప్పు గుహలు అన్నీ ఉన్నాయి. 2015 నుంచి ఏటా 10 లక్షల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి పంపుతున్న క్వెస్ట్ ప్రాజెక్టు కూడా అక్కడే ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి చూసేవారికి ఆల్బర్టా రెండు నమూనాలు చూపింది. 2016లో ప్రకటించిన 50 కోట్ల డాలర్ల రాయల్టీ క్రెడిట్లలో 30 కోట్లు పెంబినా-కువైట్ ప్రాజెక్టుకు, 20 కోట్లు ఇంటర్ పైప్‌లైన్‌కు కేటాయించారు. క్రెడిట్లు ప్లాంటు నడక మొదలయ్యాకే అందుతాయి. 2020లో తెచ్చిన పథకం అర్హమైన పెట్టుబడిలో 12 శాతం ఇస్తుంది, అది కూడా ఉత్పత్తి మొదలైన తర్వాతే. ఆగిపోయిన ప్రాజెక్టుకు ఈ పద్ధతిలో చెల్లింపు ఉండదు. స్టర్జన్‌లో ప్రభుత్వమే ముడిసరుకు ఇచ్చి శుద్ధి రుసుము కట్టే బాధ్యత నెత్తికెత్తుకుంది. మన దగ్గర రామాయపట్నం వద్ద బీపీసీఎల్ తలపెట్టిన రిఫైనరీ-పెట్రోకెమికల్ ప్రాజెక్టుకు రాయితీల మాట వచ్చినప్పుడు, ఈ రెంటిలో మొదటి నమూనానే నేను సమర్థిస్తాను.

ఇక ఒప్పందం దగ్గర. ఆఫ్‌గ్యాస్ కొనేవారు, అమ్మేవారు వేర్వేరు సంస్థలైతే మూడు సంగతులు కాగితం మీద లేకుండా సంతకం చేయవద్దు: తీసుకున్న వాయువుకు బదులు ఇచ్చే సహజ వాయువు ధరను ఎవరు భరిస్తారు, ఆర్సీన్, నైట్రోజన్ ఆక్సైడ్ల గరిష్ఠ పరిమితులు ఎంత, అప్‌గ్రేడర్ మరమ్మతులకు నెలల తరబడి ఆగినప్పుడు కనీస చెల్లింపు ఉంటుందా లేదా. గనిలో అగ్నిప్రమాదం జరిగితే దిగువన పాలీప్రొపిలీన్ రియాక్టర్‌కు ప్రొపిలీన్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అదే కాగితంలో రాసుకోవాలి. హార్ట్‌ల్యాండ్ కాంప్లెక్స్ ఆఫ్‌గ్యాస్ మీదే ఆధారపడకుండా బయటి ప్రొపేన్‌నూ తీసుకునేలా కట్టడం, తన సామర్థ్యంలో ఎక్కువ భాగానికి ముందే దీర్ఘకాలిక కొనుగోలుదారులను వెతుక్కోవడం ఈ ప్రశ్నకు అది ఇచ్చుకున్న జవాబు.